చేరని చికిత్స: అమెరికా శ్వేతేతర సమాజాల మానసిక ఆరోగ్యం

అమెరికాలో ఏటా జూలై నెలను శ్వేతేతర సమాజాల మానసిక ఆరోగ్య అవగాహన మాసంగా పాటిస్తారు. ఆ మాసానికి బీబీ మూర్ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి రచయిత్రి పేరు పెట్టారు. 1950లో ఫిలడెల్ఫియాలో పుట్టిన ఆమె నవలాకారిణిగా, పాత్రికేయురాలిగా పేరు పొందారు. సొంత కుటుంబంలోనే ఒకరికి మానసిక వ్యాధి వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలో, ఎవరితో చెప్పుకోవాలో తెలియని స్థితిని దగ్గరగా చూశారు. లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న ఇంగిల్‌వుడ్‌లో, మరికొందరితో కలిసి, రోగుల కుటుంబాలు ఒకచోట చేరి మాట్లాడుకునే సంఘాన్ని నెలకొల్పారు. తల్లి మనసు బాగుండని ఇంట్లో పెరిగే చిన్నారుల కోసం 2003లో ఒక పిల్లల పుస్తకం రాశారు. బైపోలార్ వ్యాధి ఉన్న కూతురిని కాపాడుకోవడానికి ఒక తల్లి పడే పాట్లను 2005లో నవలగా మలిచారు. 2006లో ఆమె క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2008లో అమెరికా ప్రతినిధుల సభ చేసిన తీర్మానంతో ఆమె పేరిట ఈ మాసం ఏర్పడింది.

శ్వేతేతరులు అన్న మాట కింద ఎన్నో రకాల జనం ఉన్నారు. పెద్ద సమూహాలు నాలుగు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు అధికంగా ఉన్న నల్లజాతీయులు ఒకరు. మెక్సికో మొదలుకుని లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న లాటినోలు మరొకరు. ఆ నేలమీద అందరికంటే ముందు నుంచి ఉన్న మూలవాసులు ఇంకొకరు. చైనా, భారత్, ఫిలిప్పీన్స్, వియత్నాం, కంబోడియా వంటి దేశాల నుంచి వెళ్లి స్థిరపడిన ఆసియా సంతతివారు నాలుగోవారు. వీరి చరిత్రలు వేరు, భాషలు వేరు, ఆదాయాలు వేరు. మనసుకు జబ్బు చేసినప్పుడు చికిత్స అందడం దగ్గర మాత్రం నలుగురూ వెనకబడే ఉన్నారు.

ఆ తేడా ఎంతటిదో ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. 2021లో, ఏదో ఒక మానసిక సమస్య ఉన్న శ్వేతజాతి వయోజనుల్లో 52 శాతం మంది చికిత్స పొందారు. నల్లజాతీయుల్లో ఆ సంఖ్య 39 శాతం, లాటినోల్లో 36 శాతం, ఆసియా సంతతివారిలో 25 శాతం. అంటే ఆసియా కుటుంబాల్లో బాధపడుతున్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఏ మానసిక చికిత్సా పొందకుండానే ఆ ఏడాది గడిపారు.

జబ్బు వీరిలోనే ఎక్కువగా ఉందా అంటే, మొత్తంమీద అలా లేదు. 2001 నుంచి 2003 వరకు నల్లజాతీయుల మీద జరిగిన ఒక పెద్ద జాతీయ సర్వే ఇక్కడ చాలా ముఖ్యమైనది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన డిప్రెషన్ వచ్చినవారు శ్వేతజాతీయుల్లో దాదాపు 18 శాతం ఉంటే, ఆఫ్రికన్ అమెరికన్లలో 10 శాతం పైచిలుకే. అయితే ఒకసారి వచ్చాక అది వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోయేది శ్వేతజాతి రోగుల్లో 39 శాతం మందికి కాగా, ఆఫ్రికన్ అమెరికన్ రోగుల్లో 56 శాతానికి పైగా మందికి. వారిలో సగం మందికైనా చికిత్స అందలేదు. తక్కువమందికి వచ్చే జబ్బు ఎక్కువకాలం మనిషిని పట్టి ఉంచుతోందంటే, లోపం వైద్యం చేరడంలో ఉందని అర్థం.

ఇదే మాటను 2001లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్, డేవిడ్ శాచర్ అధికారికంగా దేశం ముందుంచారు. సంస్కృతి, జాతి, మానసిక ఆరోగ్యం మధ్య సంబంధాలపై ఆయన విడుదల చేసిన నివేదిక మూడు విషయాలు తేల్చింది. శ్వేతేతరులకు మానసిక వైద్యసేవలు తక్కువగా అందుబాటులో ఉన్నాయి. అవసరమైనవారికి కూడా అవి అందే అవకాశం తక్కువ. అందినప్పుడు వాటి నాణ్యత తక్కువ. ఫలితంగా ఈ సమాజాలు మానసిక వ్యాధుల భారాన్ని ఎక్కువగా మోస్తున్నాయని నివేదిక చెప్పింది. శాచర్ స్వయంగా అలబామా పల్లెలో పుట్టిపెరిగిన నల్లజాతి వైద్యుడు.

ఈ స్థితికి మూలాలు 19వ శతాబ్దంలో ఉన్నాయి. 1840 జనగణన లెక్కల్లో, ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారిలో మతిస్థిమితం తప్పినవారు విపరీతంగా ఉన్నట్టు నమోదైంది. మసాచుసెట్స్ వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఆ లెక్కలను ఒక్కొక్కటిగా సరిచూశారు. నల్లవారు ఒక్కరూ లేని ఊళ్లలో కూడా నల్ల రోగులున్నట్టు రాసి ఉంది. వూస్టర్ పట్టణంలో 133 మంది నల్ల రోగులన్నది నిజానికి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోని తెల్ల రోగుల సంఖ్య. ఈ తప్పులను సరిదిద్దాలని అమెరికా గణాంక సంఘం 1844లో ఆ దేశ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు విన్నవించుకుంది. అదే ఏడాది విదేశాంగ మంత్రి జాన్ కాల్హూన్ ఆ తప్పుడు లెక్కలనే చూపించి, స్వేచ్ఛ ఇస్తే నల్లవారికి పిచ్చెక్కుతుందని, బానిసత్వమే వారికి క్షేమమని వాదించారు.

మరో ఏడేళ్లకు, 1851లో, లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ ఇంకో అడుగు ముందుకు వేశారు. బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక వ్యాధి అని, దానికి డ్రాపెటోమేనియా అని పేరు పెట్టి వైద్య సంఘానికి నివేదిక సమర్పించారు. దానికి ఆయన సూచించిన మందుల్లో కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. స్వేచ్ఛను కోరుకోవడమే రోగమని వైద్యశాస్త్రం పేరుతో చెప్పిన ఈ ఘట్టాన్ని మానసిక వైద్య చరిత్ర రాసేవారు ఈనాటికీ ప్రస్తావిస్తారు.

బానిసత్వం రద్దయ్యాక ఆసుపత్రులు జాతులవారీగా విడిపోయాయి. వర్జీనియా రాష్ట్రం 1870లో కేవలం నల్లజాతి రోగుల కోసం ఒక మానసిక చికిత్సాలయాన్ని తెరిచి, 1885లో పీటర్స్‌బర్గ్‌కు మార్చింది. మేరీలాండ్ రాష్ట్రం 1911లో క్రౌన్స్‌విల్‌లో అలాంటిదే నెలకొల్పింది. దాన్ని కట్టే పనికి రోగులనే వాడుకున్నారు. మొదట తెచ్చిన 12 మంది రోగులు అడవిలో చెట్లు కొట్టి, తమను ఉంచబోయే ఆసుపత్రిని తామే కట్టారు. 1950ల మధ్యకు వచ్చేసరికి అక్కడ 2,700 మందిని కుక్కి ఉంచారు. అది 2004లో మూతపడింది.

మూలవాసుల కోసం కేంద్ర ప్రభుత్వం సౌత్ డకోటాలోని క్యాంటన్‌లో హయావతా అనే చికిత్సాలయాన్ని నడిపింది. దేశం నలుమూలల నుంచి, వందల మైళ్ల దూరం నుంచి, మూలవాసులను అక్కడికి తరలించారు. శామ్యూల్ సిల్క్ అనే ప్రభుత్వ వైద్యుడు తనిఖీకి వెళ్లి, చాలామందిలో మానసిక వ్యాధి లక్షణాలే లేవని రాశారు. చివరికి 1934లో దాన్ని మూసివేశారు. అక్కడ చనిపోయిన 121 మంది సమాధులు ఉన్న స్థలం ఇప్పుడు ఒక గోల్ఫ్ మైదానం మధ్యలో ఉంది. ఆసుపత్రి అంటే తిరిగిరాని చోటు అన్న భయం ఇలాంటి అనుభవాల నుంచే పుట్టి, తాతల నుంచి మనవల దాకా వచ్చింది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా రోగం ఎలా ముదురుతుందో గమనిస్తూ ప్రభుత్వ ఆరోగ్యశాఖ చేసిన అధ్యయనం ఆ భయాన్ని ఇంకా గట్టిపరిచింది.

వైద్యం దొరికిన చోట రోగనిర్ధారణ తప్పడం మరో సమస్య. భ్రమలు, భ్రాంతులతో కూడిన స్కిజోఫ్రెనియా అనే జబ్బు దీనికి పెద్ద ఉదాహరణ. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దాన్ని ఎక్కువగా తెల్ల మధ్యతరగతివారికి వచ్చే జబ్బుగా చూసేవారు. 1960ల్లో, పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, నల్లజాతి పురుషుల కోపాన్ని, అనుమానాన్ని ఆ జబ్బు లక్షణాలుగా చూడడం మొదలైంది. మిచిగాన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి రికార్డులను పరిశీలించి సైకియాట్రిస్టు జోనాథన్ మెట్జల్ ఈ మార్పును బయటపెట్టారు. ఆ పోకడ ఇంకా పోలేదు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, శ్వేతజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగులకు స్కిజోఫ్రెనియా అని తేల్చడం 2.4 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఏళ్ల తరబడి అన్యాయం చూసినవాడు అధికారులను అనుమానించడం సహజం. ఆ అనుమానాన్ని మతిభ్రమగా రాసుకుంటే డిప్రెషన్‌కో, బైపోలార్‌కో అందాల్సిన మందు అందదు.

అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ తమ వృత్తిలో పాతుకుపోయిన జాతివివక్షకు 2021 జనవరిలో క్షమాపణ చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో సైకాలజిస్టుల జాతీయ సంఘం కూడా క్షమాపణ ప్రకటించింది.

ఇప్పుడున్న అడ్డంకుల్లో మొదటిది డబ్బు. అమెరికాలో వైద్యం బీమాతో ముడిపడి ఉంటుంది. 2022లో, 65 ఏళ్లలోపు శ్వేతజాతీయుల్లో బీమా లేనివారు దాదాపు 7 శాతం. నల్లజాతీయుల్లో 10 శాతం, లాటినోల్లో 18 శాతం, మూలవాసుల్లో 19 శాతం. శరీర వ్యాధులకు ఇచ్చినంత బీమా మానసిక వ్యాధులకూ ఇవ్వాలని 2008లో చట్టం వచ్చింది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం మానసిక వైద్యాన్ని తప్పనిసరి సేవల్లో చేర్చింది. పేదలకిచ్చే మెడికెయిడ్ బీమాను కూడా విస్తరించింది. 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ఆ విస్తరణ రాష్ట్రాల ఇష్టానికి వదిలినట్టయింది. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా వంటి, నల్లవారు, లాటినోలు పెద్దసంఖ్యలో ఉన్న రాష్ట్రాలు ఆ విస్తరణకు ఒప్పుకోలేదు.

బీమా కార్డు ఉన్నంత మాత్రాన డాక్టరు దొరుకుతాడని లేదు. 2009, 2010 సంవత్సరాల లెక్కల ప్రకారం సైకియాట్రిస్టుల్లో ప్రైవేటు బీమాను అంగీకరించినవారు 55 శాతమే. మిగతా వైద్య విభాగాల్లో ఆ సంఖ్య 89 శాతం. మెడికెయిడ్‌ను అంగీకరించిన సైకియాట్రిస్టులు 43 శాతం మాత్రమే. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగే దగ్గరే తేడా మొదలవుతుందని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. న్యూయార్క్ నగరంలో 320 మంది థెరపిస్టులకు, బీమా వివరాలు ఒకేలా చెబుతూ, మాటతీరును బట్టి జాతి, వర్గం తెలిసేలా వాయిస్ సందేశాలు పెట్టారు. తెల్ల మధ్యతరగతివారిలా వినిపించినవారికి 28 శాతం మంది అపాయింట్‌మెంట్ ఇస్తామన్నారు. నల్ల మధ్యతరగతివారిలా వినిపించినవారికి 17 శాతం మంది, శ్రామికవర్గం వారిలా వినిపించినవారికి ఏ జాతివారైనా 8 శాతం మందే ఇస్తామన్నారు.

రెండో అడ్డంకి తమవాళ్లు కనిపించకపోవడం. 2015లో అమెరికా సైకాలజిస్టుల్లో 86 శాతం మంది శ్వేతజాతీయులే. ఆసియా సంతతివారు 5 శాతం, లాటినోలు 5 శాతం, నల్లజాతీయులు 4 శాతం. ఈ కొరతకు కారణం ప్రతిభ లేకపోవడం కాదని సాలమన్ కార్టర్ ఫుల్లర్ జీవితం చెబుతుంది. 1872లో లైబీరియాలో పుట్టిన ఆయన అమెరికాలో మొదటి నల్లజాతి సైకియాట్రిస్టుగా గుర్తింపు పొందారు. మ్యూనిక్‌లో అలోయిస్ అల్జీమర్ ప్రయోగశాలలో పనిచేశారు. అల్జీమర్స్ వ్యాధి గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి సమగ్ర సమీక్షల్లో ఒకటి, 1912 నాటిది, ఆయన రాసిందే. బోస్టన్ విశ్వవిద్యాలయంలో తనకంటే జూనియర్ అయిన శ్వేతజాతీయుడికి పై పదవి ఇవ్వడంతో ఆయన 1933లో పదవీవిరమణ చేశారు.

మూడో అడ్డంకి భాష. మనసులోని మాట పరాయి భాషలో చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. దుబాసీలు లేని ఆసుపత్రుల్లో తల్లి బాధను పదేళ్ల కొడుకు డాక్టరుకు చెప్పాల్సివచ్చేది. తల్లి తన పిల్లవాడి ముందు చెప్పగలిగింది ఎంత, దాచుకునేది ఎంత! అత్యవసరాల్లో తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదని 2016లో కేంద్ర నిబంధన వచ్చింది.

నాలుగో అడ్డంకి పరువు. నల్లజాతి కుటుంబాల్లో, ముఖ్యంగా ఆడవారిలో, ఎంత కష్టాన్నైనా ఓర్చుకోవడమే గొప్ప అన్న భావన బలంగా ఉంది. లాటినో కుటుంబాల్లో ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలన్న పట్టింపు ఉంది. ఆసియా కుటుంబాల్లో ఒకరికి మనసు బాగోలేదని తెలిస్తే మిగతా పిల్లల పెళ్లిళ్లు ఏమవుతాయన్న దిగులు ఉంది. కుంగుబాటు ఉన్నవారు తలనొప్పి, కడుపులో మంట, నిద్రలేమి అంటూ మామూలు డాక్టరు దగ్గరికి వెళతారు. అసలు మాట బయటికి రాకుండానే మాత్రలు తీసుకుని తిరిగివస్తారు.

సమాజాలను విడివిడిగా చూస్తే ప్రతిదానికీ తనదైన గాయం కనిపిస్తుంది. మూలవాసులది అందులో లోతైనది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో తెరిచిన స్కూలు నమూనాగా విస్తరించిన బోర్డింగ్ స్కూళ్ల వ్యవస్థ తరాల తరబడి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసింది. జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించింది. ఆ స్కూళ్లలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే 2024లో లెక్కతేల్చింది. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జో బైడెన్ అరిజోనాలోని గిలా రివర్‌లో క్షమాపణ చెప్పారు. లకోటా తెగకు చెందిన పండితురాలు మరియా యెల్లో హార్స్ బ్రేవ్‌హార్ట్ దీన్ని చారిత్రక గాయం అన్నారు. ఒక తరానికి తగిలిన దెబ్బ, శోకించే అవకాశం కూడా దొరకనప్పుడు, తరువాతి తరాల మనసుల్లో కొనసాగుతుందని ఆమె వివరించారు. మూలవాసుల సంప్రదాయ క్రతువులకు చట్టపరమైన రక్షణ 1978లో గానీ రాలేదు. అమెరికాలో ఆత్మహత్యల రేటు అన్ని జాతులకంటే వీరిలోనే ఎక్కువగా ఉంది.

నల్లజాతి సమాజంలో ఇటీవల అందరినీ కలవరపెట్టింది పిల్లల పరిస్థితి. 5 నుంచి 12 ఏళ్ల వయసు పిల్లల్లో ఆత్మహత్య మరణాల రేటు తెల్ల పిల్లలకంటే నల్ల పిల్లల్లో దాదాపు రెట్టింపు ఉందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. కాంగ్రెస్‌లోని నల్లజాతి సభ్యులు దీనిపై ప్రత్యేక బృందాన్ని వేసి 2019 డిసెంబరులో నివేదిక ప్రకటించారు. బాధలో ఉన్న నల్ల పిల్లవాడు బడిలో కోపంగా ప్రవర్తిస్తే అతడిని కౌన్సెలర్ దగ్గరికి పంపాల్సింది పోయి సస్పెండ్ చేయడం ఈ సమస్యలో ఒక భాగం.

లాటినోల్లో ఒక విచిత్రమైన విషయం తేలింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీపై 1998లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మెక్సికో నుంచి వలసవచ్చినవారిలో జీవితకాలంలో ఏదో ఒక మానసిక సమస్య కనిపించినవారు 25 శాతం. అదే సమాజంలో అమెరికాలో పుట్టినవారిలో అది 48 శాతం. కుటుంబాల దన్ను, ఇరుగుపొరుగు బంధాలు మొదటి తరానికి రక్షణగా నిలుస్తున్నాయని, అవి సడలేకొద్దీ పిల్లల తరం మనసు బలహీనపడుతోందని పరిశోధకులు భావించారు.

ఆసియా సంతతివారందరూ బాగా చదువుకుని, సంపాదించుకుని సుఖంగా ఉన్నారన్న పేరు వారి బాధను కప్పేసింది. కంబోడియాను పాలించిన ఖ్మేర్ రూజ్ జరిపిన మారణకాండ నుంచి తప్పించుకుని వచ్చినవారి సంగతి దీన్ని పటాపంచలు చేస్తుంది. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో స్థిరపడినవారిని రెండు దశాబ్దాల తరువాత పరీక్షిస్తే, 62 శాతం మందిలో పీడకలలు, ఉలికిపాటు, గతం కళ్లముందు మెదలడం వంటి లక్షణాలతో కూడిన మానసిక ఆఘాత వ్యాధి, 51 శాతం మందిలో తీవ్ర డిప్రెషన్ కనిపించాయి. ఈ వివరాలు 2005లో ప్రచురితమయ్యాయి.

అమెరికాలోని తెలుగువారు కూడా ఈ ఆసియా సమూహంలో భాగమే. ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 నాటికి 86 శాతం పెరిగి 4 లక్షలు దాటింది. వీరిలో ఎక్కువమంది ఉన్నత విద్యావంతులు, బీమా ఉన్నవారు. అయినా ఒత్తిళ్లు తక్కువేమీ కాదు. ఉద్యోగ, కుటుంబ కోటాల కింద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతీయులు దశాబ్దాల తరబడి ఎదురుచూడాలి. ఉద్యోగం పోతే రెండు నెలల్లో మరొకటి వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి. భర్త వీసా మీద వెళ్లి, పని చేసే అనుమతి లేక ఇంటికే పరిమితమైన చదువుకున్న మహిళల ఒంటరితనం వేరు. లక్షల అప్పుతో వెళ్లిన విద్యార్థి, ఉద్యోగం దొరకని సంగతి ఇంట్లో చెప్పలేక, ఫోన్‌లో అంతా బాగానే ఉందంటాడు. కౌన్సెలింగ్‌కు వెళితే రికార్డుల్లోకి ఎక్కుతుందని, వీసాకు ముప్పు వస్తుందని భయపడతాడు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం అక్కడ చట్టప్రకారం వైద్యుల బాధ్యత. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఇది ఇక్కడున్న తల్లిదండ్రులకు తెలిస్తే, వెళ్లమని పిల్లలకు ధైర్యం చెప్పగలుగుతారు.

ఇన్ని అడ్డంకుల మధ్య మంచి ఫలితాలిచ్చిన ప్రయత్నాలు కూడా తక్కువేమీ లేవు. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది న్యూయార్క్‌లోని హార్లెం. 1946లో అక్కడ సెయింట్ ఫిలిప్స్ చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ మొదలైంది. సైకియాట్రిస్టు ఫ్రెడరిక్ వెర్థామ్ దాన్ని నడిపారు. నవలా రచయిత రిచర్డ్ రైట్ అండగా నిలిచారు. వైద్యులు జీతం లేకుండా వారానికి రెండు సాయంత్రాలు పనిచేసేవారు. ఫీజు పాతిక సెంట్లు, అదీ ఇవ్వగలిగితేనే. 1958 దాకా అది నడిచింది. అదే 1946లో మేమీ క్లార్క్, కెనెత్ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టు దంపతులు హార్లెంలోనే పిల్లల కోసం నార్త్‌సైడ్ కేంద్రాన్ని తెరిచారు. నల్ల పిల్లలు తెల్ల బొమ్మలనే మంచివని ఎంచుకోవడాన్ని చూపిన వారి పరిశోధన, బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావనకు వచ్చింది.

1969లో నల్లజాతి సైకియాట్రిస్టులు సొంత సంఘం పెట్టుకున్నారు. దాని తొలి అధ్యక్షుడు చెస్టర్ పియర్స్. రోజూ ఎదురయ్యే చిన్నచిన్న అవమానాలు కూడా మనసును అరగదీస్తాయని చెప్పి, వాటికి మైక్రో అగ్రెషన్ అని 1970లో పేరు పెట్టింది ఆయనే. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమానికి సలహాదారుగా ఉండి, అన్ని జాతుల పిల్లలూ తమలాంటి ముఖాలను తెరమీద చూసుకునేలా తోడ్పడ్డారు. శ్వేతేతర విద్యార్థులను మానసిక వైద్య రంగంలోకి తెచ్చేందుకు 1974లో కేంద్ర నిధులతో ఫెలోషిప్పులు మొదలయ్యాయి.

ఆసియా సంతతి పరిశోధకుడు స్టాన్లీ సూ 1977లో సియాటిల్ ప్రాంతంలోని 17 మానసిక ఆరోగ్య కేంద్రాల లెక్కలు తీశారు. ఒక్కసారి వచ్చి మళ్లీ రానివారు శ్వేతేతరుల్లో దాదాపు సగం మంది, శ్వేతజాతీయుల్లో 30 శాతం. తరువాత లాస్ ఏంజెలెస్‌లో చేసిన అధ్యయనంలో, తమ భాష మాట్లాడే, తమ సమాజానికి చెందిన థెరపిస్టు దొరికినప్పుడు రోగులు చికిత్సను ఎక్కువకాలం కొనసాగించారని కనుగొన్నారు. 2013లో వచ్చిన మానసిక వ్యాధుల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పు కూడా ఈ దారిలోనే ఒక మెట్టు ఎక్కింది. రోగి తన బాధను ఏమని పిలుస్తాడు, దానికి కారణం ఏమనుకుంటాడు, ఇంటివాళ్లు ఏమంటారు, ఎవరి సాయం కోరతాడు వంటి 16 ప్రశ్నలను వైద్యులకు అందించింది.

లాస్ ఏంజెలెస్‌లో మరో పెద్ద ప్రయోగం జరిగింది. నల్లజాతి ఆరోగ్య కార్యకర్త లొరెట్టా జోన్స్, సైకియాట్రిస్టు కెనెత్ వెల్స్ కలిసి నడిపిన ఈ పనిలో క్లినిక్‌లతోపాటు చర్చిలు, పార్కులు, క్షౌరశాలలు, వృద్ధుల కేంద్రాలు కలిపి 90కి పైగా చోట్ల డిప్రెషన్‌ను గుర్తించడం, సాయం చేయడం నేర్పారు. ఒక వర్గానికి శిక్షణ మాత్రమే ఇచ్చారు. మరో వర్గంలో ఈ సంస్థలన్నీ కూర్చుని, ఎవరు ఏం చేయాలో ఉమ్మడిగా నిర్ణయించుకున్నాయి. 2013లో వెలువడిన ఫలితాల్లో, ఉమ్మడిగా నిర్ణయించుకున్న చోట రోగుల మానసిక స్థితి మెరుగైంది, ఇల్లు కోల్పోయే ముప్పు కూడా తగ్గింది. డిప్రెషన్‌కు మందు మాత్రతో పాటు అద్దె, ఉద్యోగం, తోడు కూడా అవసరమని తెలిసినవారు ఆ బల్ల చుట్టూ ఉన్నందువల్ల ఇది సాధ్యమైంది.

అరిజోనాలోని వైట్ మౌంటెన్ అపాచీ తెగ మరో దారి చూపింది. ఆత్మహత్య ఆలోచన, ప్రయత్నం, మరణం, ఏది జరిగినా తెలపడం తప్పనిసరి అని 2001లో ఆ తెగ ప్రభుత్వం నిబంధన పెట్టింది. సమాచారం అందగానే అపాచీలే అయిన ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి వెళతారు, మాట్లాడతారు, వైద్యం దగ్గరికి చేరుస్తారు. తెగ పెద్దలు బడులకు వెళ్లి తమ భాషను, ఆచారాలను, మనిషి ప్రాణానికున్న విలువను పిల్లలకు నేర్పుతారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఈ పనికి తోడుగా నిలిచింది. 2001-2006 మధ్యకాలంతో పోలిస్తే 2007-2012 మధ్య అక్కడ ఆత్మహత్య మరణాల రేటు 38 శాతం తగ్గింది. 2024లో అరిజోనా, కాలిఫోర్నియా, న్యూమెక్సికో, ఒరెగాన్ రాష్ట్రాల్లో మూలవాసుల సంప్రదాయ వైద్య పద్ధతులకు కూడా మెడికెయిడ్ నుంచి చెల్లించేందుకు కేంద్రం అనుమతించింది.

2016లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో మొదలైన కన్‌ఫెస్ ప్రాజెక్ట్ నల్లజాతి మంగలులకు శిక్షణ ఇస్తోంది. కుర్చీలో కూర్చున్న మనిషి మాటల్లో బాధ తొంగిచూస్తే ఎలా వినాలో, ఎక్కడికి పంపాలో వారు నేర్చుకుంటారు. లాటినో వాడల్లో ప్రొమోతోరాలు అనే మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇదే పనిని ఇంటింటికీ తిరిగి చేస్తారు. తెలుగు పల్లెల్లో ఆశా కార్యకర్తల పనిని ఎరిగినవారికి ఈ పద్ధతి బలం తేలిగ్గానే అర్థమవుతుంది.

అత్యవసర సాయం కోసం 2022 జూలై 16న అమెరికా అంతటా 988 అనే మూడంకెల నంబరు అమల్లోకి వచ్చింది. ఎవరైనా, ఏ వేళనైనా, ఉచితంగా ఫోన్ చేయవచ్చు. స్పానిష్‌లో నేరుగా మాట్లాడేవారు ఉంటారు. దుబాసీల సాయంతో 240కి పైగా భాషల్లో మాట్లాడే ఏర్పాటు ఉంది. 2022 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రం మూలవాసుల కోసం, మూలవాసులే సమాధానం ఇచ్చే విభాగాన్ని దానికి చేర్చింది. భారతదేశంలో ఇలాంటి సేవ టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ప్రయత్నాలన్నిటిలో కనిపించే సూత్రం ఒకటే. సమాజం నమ్మే మనుషులు, నమ్మే చోట్లు వైద్యంతో చేతులు కలిపినప్పుడు చికిత్స చేరుతుంది. నమ్మకం మాత్రమే ఉండి వైద్యం లేకపోయినా, వైద్యం ఉండి నమ్మకం లేకపోయినా రోగి మధ్యలోనే ఆగిపోతాడు. ఇక మిగిలింది దీన్ని నిలబెట్టడం. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన చట్టం ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు కడతామంది. అనుకున్న 1,500లో దాదాపు సగమే వచ్చాయి. పెద్ద ఆసుపత్రులు మూసేశారు గానీ వాటి స్థానంలో రావాల్సినవి పూర్తిగా రాలేదు. ఆ లోటు అందరికంటే ఎక్కువగా తగిలింది పేద శ్వేతేతర వాడలకే. కాలపరిమితి గల ప్రాజెక్టులు ఫలితం చూపినా, నిధులు ఆగితే శిక్షణ పొందిన కార్యకర్తలు వేరే పని వెతుక్కుంటారు, కుదిరిన నమ్మకం చెదిరిపోతుంది. అందుకే ఆరోగ్య కార్యకర్తలకు బీమా నుంచే జీతాలు అందడం, శ్వేతేతర విద్యార్థులకు మానసిక వైద్య విద్యలో చోటు పెరగడం, ప్రతి రోగికీ తన భాషలో వినే మనిషి దొరకడం, ఈ మూడింటికీ శాశ్వతమైన నిధులు, చట్టపరమైన హామీ ఉండాలి. అప్పుడే చికిత్స అందరికీ చేరుతుంది.